దానియేలు భోజనం - కూలితల్లి క్యారేజీ

ఆరోగ్యం గురించి సంఘంలో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మనకు మొదట గుర్తొచ్చేది దానియేలే. బబులోను రాజు బల్లమీది భోజనాన్ని, ద్రాక్షారసాన్ని కాదని శాకధాన్యాదులు తిని నీళ్లు తాగిన ఆ నలుగురు యౌవనులు, పది రోజులకే మిగిలిన వారందరికంటే కళగా కనిపించారు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలోని ఆ సంగతిని మేమూ ఎన్నోసార్లు ప్రసంగించాం. కానీ ఒక ఆదివారం దాచేపల్లిలో ఆరాధన ముగిశాక, మిరప కోతలకు వెళ్లే ఒక సహోదరి అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది.

"అయ్యగారూ! నాకు రక్తం తక్కువగా ఉందన్నారు. పాలు, గుడ్లు, పప్పు, పండ్లు తినమన్నారు. దానియేలుకు రాజుగారి వంటిల్లు ఉంది కాబట్టి వద్దన్నాడు. మా క్యారేజీలో అన్నం, పచ్చడే ఉంటాయి. నేను దేన్ని వద్దనాలి?"

ఆమె వాక్యాన్ని ఎగతాళి చేయలేదు. మనకంటే శ్రద్ధగా విన్నది. దానియేలు ఎంచుకున్నాడు. పేదవాడికి ఎంచుకునే వీలే తక్కువ. ఈ తేడా చూడకుండా 'మంచి ఆహారం తినండి' అని చెప్పడం సువార్త కాదు, సలహా మాత్రమే.

ఇంతకీ మంచి తిండి కూలి డబ్బులకు అందుతుందా? పల్నాడు తిండి ఒకప్పుడు జొన్న, సజ్జ, కొర్ర. ఇక్కడి జొన్నకూడును ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుని పేరిట నేటికీ ప్రచారంలో ఉన్నాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చే బియ్యం ఉచితమయ్యాయి. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని చిన్నచూపు చూడడం కృతఘ్నత. అయితే కడుపు నిండినంత మాత్రాన ఒంటికి కావలసినవన్నీ అందవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన సంఘాల్లో చాపమీద కూర్చునే తల్లులు, చెల్లెళ్లు ఆ లెక్కలో లేరా?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమైన వ్యక్తి పళ్లెంలో తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు ఉండాలి. ఒక్క పప్పునే లెక్క వేద్దాం. నలుగురున్న ఇంటికి రోజుకు 340 గ్రాములు, నెలకు పది కిలోలు. పిల్లలకు కొంత తగ్గించినా, నెలకు కిలో రెండు కిలోల పప్పుతో సరిపెట్టుకునే ఇల్లు ఆ లెక్కను ఎలా అందుకుంటుంది? ఒకనాడు పేదల తిండి అయిన జొన్నలు, కొర్రలు కూడా ఇప్పుడు డబ్బిచ్చి కొనాలి, బియ్యమేమో ఉచితం. కాబట్టి 'మనసుంటే చాలు, పేదవాడైనా మంచి తిండి తినవచ్చు' అనే మాట సగమే నిజం.

ఆ సగం నిజాన్ని కూడా మనం వదులుకోకూడదు. పెరట్లో మునగచెట్టు ఉంటే ఆకు ఊరికే వస్తుంది. గోంగూర, తోటకూర ఖరీదైనవి కావు. వేరుశనగ గింజల బరువులో దాదాపు పావు వంతు మాంసకృత్తులే. పప్పులో, ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు. పిల్లలకు రోజూ కొనిపెట్టే చిప్సు ప్యాకెట్లు, కూల్‌డ్రింకుల డబ్బు కూడబెడితే కొన్ని గుడ్లయినా వస్తాయి. ఆహారం కాని దానికి రూకలెందుకు వెచ్చిస్తారని దేవుడు యెషయా 55వ అధ్యాయంలో అడిగిన ప్రశ్న మన చిల్లర కొట్టు ముందు కూడా అడగదగినదే. అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఇచ్చే గుడ్లు, పాలు ఇంట్లో అందరికీ పంచి తాను మాత్రం మానేసే తల్లులున్నారు. అది త్యాగమే కావచ్చు గానీ, అవి ఆమె కోసం ఇచ్చినవని ఇంట్లోని మగవాళ్లకు సంఘం చెప్పాలి.

ఇంకొక సంగతి. మిరప, పత్తి సాళ్ల మధ్య మొలిచే గంగవాయిలి, పొనగంటి వంటి ఆకులను కూలికి వెళ్లిన అమ్మలు ఒడి నిండా కోసుకొచ్చే రోజులుండేవి. ఇప్పుడు ఆ చేలమీద పురుగు మందు, కలుపు మందు పడుతోంది. ఎలీషా కాలంలో కరవు వచ్చినప్పుడు పొలంలో ఏరుకొచ్చిన కాయలతో కుండలో విషం చేరిందని రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో చదువుతాం. మన కాలంలో ఆ విషాన్ని పొలంలో చల్లుతున్నది మనమే. పేదల ఉచిత కూరను మనమే వారికి దక్కకుండా చేశాం.

అందుకే ఈ ప్రశ్నకు జవాబు కూలితల్లి ఒక్కతే వెదుక్కోవలసింది కాదు. ఆది సంఘంలో విధవరాండ్రకు అనుదిన ఆహారం సరిగా అందడం లేదన్న సణుగు వినిపిస్తే, అపొస్తలులు దాన్ని కొట్టిపారేయలేదు. ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు. కొరింథులో ప్రభురాత్రి భోజనానికి కూడినప్పుడు ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడవడాన్ని పౌలు గద్దించాడు. 1849లో గురజాల చేరి పల్నాడులో పరిచర్య చేసిన ఫాదర్ హయ్యర్ వైద్యం కూడా చదువుకున్నవాడే. ఆత్మను చూసి శరీరాన్ని మరచిన సువార్త కాదు మనకు అందింది.

మరి మనమేం చేయగలం? మన ఇళ్లలో స్త్రీలు వంటకు ముందు ప్రభువు పేరిట పిడికెడు బియ్యం తీసి ఉంచుతారు. బియ్యం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. కలిగినవారు పిడికెడు కందిపప్పు తీయలేరా? కోత పండుగకు వచ్చే పంటలో కందులు, వేరుశనగలు వేలానికి పోకుండా, రక్తం తక్కువగా ఉన్న తల్లుల ఇళ్లకు చేరలేవా? మందిర ఆవరణలో రెండు మునగచెట్లు నాటలేమా? ఎకరాలకొద్దీ మిర్చి, పత్తి వేసే విశ్వాసులు చేను అంచున నాలుగు సాళ్లు కంది, ఆకుకూరలు వేసి, మందు చల్లకుండా కూలీలకు వదిలేయవచ్చు. పొలం ఓరలు బీదలకు విడిచిపెట్టమన్న లేవీయకాండపు ఆజ్ఞకు దాచేపల్లిలో అర్థం అదే. కూలి న్యాయంగా ఇవ్వడం వీటన్నిటికంటే ముందు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం అడిగేటప్పుడు 'నాకు' అనం, 'మాకు' అంటాం. ఆ 'మాకు'లో మిరప చేలో క్యారేజీ విప్పే సహోదరి ఉంది. ఆమె ప్రశ్నకు ఆ ఆదివారం మేము జవాబు చెప్పలేకపోయాం. వచ్చే కోత పండుగనాటికైనా ఆమె క్యారేజీలో అన్నంతో పాటు పప్పు కూడా కనిపిస్తే, అదే మన జవాబు.