వెనుక కూర్చున్నవారి క్షేమము

కొత్త మోటారు సైకిలు కొనగానే భార్యనో తల్లినో వెనుక ఎక్కించుకొని జగ్గయ్యపేట నుండి నందిగామ మీదుగా విజయవాడకు బయలుదేరుదుము. హేండిలు, బ్రేకు మన చేతిలోనే ఉన్నవి; వెనుకనున్నవారికి మనమే దిక్కు.

బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును కనీసము సగము కప్పు శారీగార్డు, చేతిపిడి, కాలు మోపు చోటు బండికి ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. అందము కొరకు శారీగార్డును ఊడదీయించకండి. ఇద్దరెక్కినప్పుడు వెనుక టైరుకు బండి పుస్తకములో చెప్పినంత గాలి పట్టించండి. హెల్మెట్ ఇద్దరికిని చట్టరీత్యా తప్పనిసరి.

హైవేపై లారీలు దాటునప్పుడు బండి ఊగును. వెనుకనున్నవారు భయపడినను, నడుము నొప్పి పుట్టినను మొగమాటముచేత చెప్పరు. కనుక నందిగామలో తప్పక ఆగి, కాసేపు దిగి నిలువనిచ్చి, “వేగము తగ్గించనా?” అని మీరే అడగండి.