కళ్లద్దాలతోనే పని తీరదు

నల్లబల్ల మీది అక్షరాలు ఆనడం లేదని పిల్లవాడు చెబితే, చదువు తప్పించుకోవడానికి సాకు అని కసురుకునే రోజులు చాలావరకు పోయాయి. అనకాపల్లి పట్టణంలోనే కాదు, చోడవరం, మాడుగుల, నర్సీపట్నం ప్రాంతాల పల్లెల్లో కూడా కళ్లద్దాలతో బడికి వెళ్లే పిల్లలు కనిపిస్తున్నారు. ఇది సంతోషించదగిన మార్పే. అయితే అద్దాలు కొనిపెట్టడంతో తమ బాధ్యత తీరిందని పెద్దలు అనుకోవడం మాత్రం పొరపాటు.

దూరపు వస్తువులు మసకగా కనిపించే ఈ లోపాన్ని వైద్యులు హ్రస్వదృష్టి అంటారు. జనం వాడుకలో ఇది సైటు. చాలామంది పిల్లల్లో దీనికి కారణం కంటిగుడ్డు ఉండవలసినదానికన్నా పొడవుగా సాగడమే. పుట్టినప్పుడు కన్ను ముందు నుంచి వెనక్కు సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 24 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. ఆగకుండా మరొక్క మిల్లీమీటరు సాగితే అద్దాల పవరు రెండున్నర నుంచి మూడు దాకా పెరుగుతుంది. జాతరలో కొన్న బూరను ఊదినకొద్దీ రబ్బరు పలచబడినట్లే, కన్ను సాగినకొద్దీ లోపలి గోడను అంటిపెట్టుకుని ఉండే రెటీనా అనే పొర పలచబడుతుంది. మనం చూసే ప్రతి దృశ్యం పడేది ఆ పొర మీదే. అది చిరిగి గోడ నుంచి ఊడితే, సకాలంలో చికిత్స అందకపోతే చూపు శాశ్వతంగా పోవచ్చు.

పవరు మైనస్ ఆరు దాటినవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. సాధారణంగా ఇది బయటపడేది పెద్దయ్యాకే అయినా, బీజం పడేది బడి వయసులోనే. అద్దాలు చూపును సరిచేస్తాయి గాని సాగిన కంటిని కుదించలేవు. పెళ్లి సంబంధాలకు అడ్డమని ఆడపిల్లకు లేజరు ఆపరేషన్ చేయించి అద్దాలు తీయించినా రెటీనాకు ఉన్న ముప్పు అలాగే ఉంటుంది. అలాగని అద్దాలు మానిపించడం కూడా తగదు. అద్దాలు పెడితే సైటు పెరుగుతుందన్నది వట్టి అపోహ.

2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు పథకం కింద 60 లక్షలకు పైగా బడి పిల్లల కళ్లు పరీక్షించారు. లక్షకు పైగా పిల్లలకు అద్దాలు అవసరమని తేలింది. కాని పెరిగే పిల్లలకు ఒక్కసారి పరీక్ష చాలదు. ఏటా పవరు చూడాలి. పవరు ఎక్కువగా ఉన్నవారికి కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దది చేసి రెటీనాను కూడా చూడాలి. సైటు వేగంగా పెరిగే పిల్లలకు వైద్యులు తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు ఇస్తున్నారు. వాటిని సొంతంగా కొని వేయరాదు.

పైసా ఖర్చు లేని మందు మరొకటుంది. అది పగటి వెలుతురు. తైవాన్ దేశం 2010 నుంచి బడి పిల్లలను రోజుకు రెండు గంటలు ఆరుబయట గడిపేలా చూసింది. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన చూపు లోపం అక్కడ తగ్గుముఖం పట్టింది. చెరుకు తోటలు, ఖాళీ మైదానాలు ఉన్న మన జిల్లాలో పిల్లలు మూల కూర్చుని సెల్‌ఫోన్ చూడటం శోచనీయం. ఆటల పీరియడ్‌ను లెక్కలకు వాడుకునే బడులు ఇకనైనా ఆ అలవాటు మానాలి.

కంటి ముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లని చుక్కలు, ఒక పక్క తెర దిగినట్లు కనిపించడం రెటీనాకు కలిగిన అపాయానికి గుర్తులు. నొప్పి ఉండదు కనుక చాలామంది అశ్రద్ధ చేస్తారు. పసరు వైద్యంతో కాలయాపన చేయకుండా అదే రోజు కంటి వైద్యుని వద్దకు వెళ్లాలి. పెద్ద వైద్యం అవసరమైతే విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి అందుబాటులోనే ఉంది.

అధికారులు బడుల్లో కంటి పరీక్షలు ఏటా తప్పక జరిపించాలి. లోపం తేలిన పిల్లలు ఆసుపత్రికి చేరారో లేదో కూడా విచారించాలి. తల్లిదండ్రులు పిల్లల ఎత్తు, మార్కులు చూసుకున్నట్లే కళ్లద్దాల పవరు కూడా ఏటా కాగితం మీద రాసి ఉంచుకోవాలి. పోయిన చూపును తిరిగి తేవడం కన్నా ఉన్న చూపును నిలుపుకోవడమే సులువు.