అరకులోయలో మన బస

కార్తికమాసము ప్రవేశించినది మొదలు సంక్రాంతి వెళ్లువఱకును మన యిండ్లలో ఒక్కటే ప్రశ్న: అరకులో గది దొరికినదా? గది అద్దె యెంత, వేన్నీళ్లు గలవా, కిటికీ తెఱచినచో మంచు కానవచ్చునా యని విచారింపని గృహస్థు లేడు. ఆ గది యెవరి నేలమీద నిలిచియున్నదని అడిగిన గృహస్థును మాత్రము నేనింతవఱకు చూడలేదు. ఈ మాట యితరులను నిందించుటకై వ్రాయుచున్నానని తలపవలదు. నేనును అడుగక పోయినవాడనే. అడుగవలసిన పని యెట్లు తటస్థించెనో మొదట చెప్పెదను.

కొన్నియేండ్ల క్రిందట డిసెంబరు నెలలో పదవతరగతి పిల్లలను పదునైదుగురను వెంటబెట్టుకొని కిరండూలు పాసింజరులో అరకునకు బోయితిని. సొరంగము వచ్చినప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుచు లెక్కపెట్టిరి. లెక్క మూడుసార్లు తప్పినది. ఆ రాత్రి మూడంతస్తుల లాడ్జిలో దిగితిమి. తెల్లవాఱుజామున పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడొకడు వేన్నీళ్ల బకెట్లు రెండుచేతులను బట్టుకొని మెట్లెక్కి వచ్చెను. ఊరకుండలేని ఉపాధ్యాయుడను గనుక మాట గలిపితిని.

"ఏ ఊరు బాబూ మీది?"

"ఈ ఊరే సార్."

"ఇల్లెక్కడ?"

వాడు నవ్వి కిటికీలోనుండి మేడ వెనుకనున్న రేకులపాకను చూపెను. "ఇప్పుడు అక్కడ సార్. ముందు ఇక్కడే ఉండేది, ఈ మేడ ఉన్నచోట. ఈ భూమి మా అయ్యదే. పట్టా కూడా మా అయ్య పేరునే ఉంది."

"మఱి లాడ్జి?"

"అది షావుకారుగారిది సార్. కిందనుంచి వచ్చారు."

కొండవారికి మన మైదానదేశమంతయు 'కింద'యే. పట్టా వాని తండ్రిది. విద్యుత్తు మీటరును వాని తండ్రి పేరనే యున్నదట. రసీదు పుస్తకము షావుకారుది. బకెట్టు మాత్రము వాని చేతిలోనున్నది. రాజ్యాంగము అయిదవ షెడ్యూలునుగూర్చి ఆ పిల్లలకే తరగతిలో పాఠము చెప్పినవాడను నేను. ఐనను మఱునాడు గదుల సొమ్ము చెల్లించి, రసీదు మడిచి జేబులో బెట్టుకొని, రైలెక్కి వచ్చితిని.

ఇంటికి వచ్చినపిమ్మట సిగ్గుపడి చట్టము చదివితిని. ఏజెన్సీ భూములు చేతులు మాఱుటనుగూర్చి మద్రాసు ప్రభుత్వము 1917లోనే ఒక చట్టము చేసినది. కొండజాతివాడు తన భూమిని ఇతరుల కిచ్చుటకు ఏజెంటుగారి యనుమతి యుండవలెనని దాని సారము. తరువాత 1959లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము షెడ్యూల్డు ప్రాంతముల భూబదిలీ నిబంధనలను చేసెను. వానిలోని కంతలను పూడ్చుచు వచ్చినదే 1970నాటి ఒకటవ నిబంధన. దీని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములోని భూమిని షెడ్యూల్డు తెగవానికి గాని, కేవలము షెడ్యూల్డు తెగలవారే సభ్యులుగాగల సహకారసంఘమునకు గాని తప్ప, మఱెవ్వరికిని బదిలీ చేయరాదు. బదిలీయనగా అమ్మకమొక్కటియే కాదు. తనఖా, లీజు, దానము, మార్పిడి యన్నియు నందులో జేరును. గిరిజనేతరుని స్వాధీనములో నున్న భూమి గిరిజనునియొద్దనుండి వచ్చినదేయని తొలుత ఊహింపవలెను. కాదని నిరూపించుకొను భారము స్వాధీనదారునిదే. 1997 జూలైలో సుప్రీముకోర్టు 'సమత' వ్యాజ్యమున నిచ్చిన తీర్పు మఱియొక అడుగు ముందునకు వేసినది. ప్రభుత్వముకూడ ఆ ప్రాంతములోని తన భూమిని గిరిజనేతరులకు లీజు కీయగూడదని ఆ తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము పుట్టినది మఱెక్కడనో కాదు, బొఱ్ఱా పంచాయతీలోని గనుల లీజులనుండి. మనము టిక్కెట్టు కొని దీపకాంతులలో చూచి వచ్చు గుహల చుట్టునున్న పల్లెలవారే దేశములోని షెడ్యూల్డు ప్రాంతములన్నిటికి ఆ తీర్పును సంపాదించి పెట్టినారు. మనలో ఎంతమందికి ఇది తెలియును?

1970కి పూర్వమునుండి హక్కుగలవారు కొందఱుండవచ్చును. వారి మాట వేఱు. ప్రభుత్వ పర్యాటక సంస్థవారి బసలు కొన్ని గలవు. వాని మాటయు వేఱే. నేను చెప్పునది పేరొకరిది, లాభమొకరిది యైన మేడలనుగూర్చి. చట్టము ఇంత స్పష్టముగా నుండగా ఇవి యెట్లు లేచుచున్నవి? తహశీల్దారు చూడలేదందురు, కోర్టులో కేసు తెమలదందురు. అధికారిని నిందించుట మనకు సులభమైన వ్యాపకము. కాని గిరాకీ లేని అంగడి ఎన్నాళ్లు నిలుచును? బినామీ మేడకు పునాది కాగితము కాదు; డిసెంబరు నెలలో రెట్టింపు అద్దె యిచ్చుటకు సిద్ధముగానున్న మన కుటుంబములు.

అతిథిని దేవతగా ఎంచవలెనని మన ఉపనిషత్తులో ఒక మాట గలదు. ప్రభుత్వ పర్యాటకశాఖవారు దానిని ప్రకటన బల్లలమీదికెక్కించిరి. సంస్కృతము చదువుకొన్న ప్రాణము గనుక ఒక్క సంగతి చెప్పక యుండలేను. ఆ యుపదేశము గృహస్థునికి చేసినది. అతిథికి చేసినది కాదు. నన్ను దేవతగా చూడుమని అతిథి గృహస్థుని శాసింపవచ్చునని ఏ వ్యాఖ్యాతయు వ్రాయలేదు. మనమో, గృహస్థును ఇంటినుండి వెడలగొట్టిన వానికి సొమ్మిచ్చి, ఆ గృహస్థుచేతనే నీళ్లు మోయించుకొని, మనము దేవతలమని యనుకొనుచున్నాము. గృహస్థే లేనిచోట ఆతిథ్య మెక్కడిది?

ఇక ఆ దేశపు స్వరూపమునుగూర్చి రెండు మాటలు. 'అరకు కొండ' యని మనవా రందురు గాని అది కొండ కాదు. తూర్పుకనుమల నడుమ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న లోయ. విశాఖపట్టణమునుండి రోడ్డుమార్గమున 115 కిలోమీటర్లు. 2022 ఏప్రిలువఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, అప్పటినుండి పాడేరు ముఖ్యపట్టణముగాగల అల్లూరి సీతారామరాజు జిల్లాలో జేరినది. ఆ రైలుమార్గముకూడ మన విహారమునకై వేసినది కాదు; బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు దింపి జపానునకు పంపుటకై 1960ల దశకమున వేసినది. అద్దాల పెట్టెను తగిలించినది 2017లో మాత్రమే.

ఆ కొండలలో నీళ్లు పాఱు తీరు తెలిసినవాడు అచ్చట కాగితపుముక్కనైనను పాఱవేయడు. పడమటివైపున, పాడేరు, ముంచంగిపుట్టు ప్రాంతములలో కురిసిన వాన మచ్ఖండుగా మాఱి, సీలేఱులోను, శబరిలోను కలిసి, కూనవరమువద్ద గోదావరిని జేరును. తూర్పువాలున అనంతగిరిమీద కురిసిన వానకు అంత దూరపు పయనము లేదు. ఆ కొండలనుండియే గోస్తని బయలుదేఱును. ఆవు పొదుగును దలపించు పేరు. బొఱ్ఱా గుహలలో లింగమును, ఆవును గూర్చిన కథ యొకటి చెప్పుదురు. గోస్తని ఆ గుహలగుండ పాఱి, దిగువన తాటిపూడి జలాశయమున నిలిచి, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియును. శారదానదియు ఆ కొండల యేఱులతోనే నిండి రైవాడకు వచ్చును. తాటిపూడి, రైవాడ రెండును విశాఖపట్టణమునకు త్రాగునీరిచ్చు జలాశయములు. బొఱ్ఱా చుట్టునున్నది సున్నపురాతినేల. అట్టి నేలలో నీరు మట్టిలో మెల్లగా వడియక, రాతిపగుళ్లగుండ దిగిపోవును. అట్టిచోట వందలకొలది స్నానపు గదులు కట్టి, మురుగునకు గొయ్యి త్రవ్వి మూసి చేతులు దులుపుకొన్నచో, ఆ మురుగు ఎచ్చటికి పోవును? విశాఖపట్టణమునుండి వచ్చిన పెద్దమనిషి శనివారమునాడు కొండమీద విడిచినదానిని కొన్నాళ్లకు తన వంటయింటి కుళాయి క్రింద పట్టుకొనుటకు ఈ భూగోళము అనుకూలముగానే యున్నది.

తరతరములుగా ఆ యేఱులను కాపాడినవా రెవరు? వాలుమీద చెట్టు కొట్టక, వెండిఓకు నీడలో మిరియపుతీగతో కలిపి కాఫీని పెంచువాడు. గెడ్డప్రక్కన మడి కట్టువాడు. ఆ కాఫీకి 2019లో భౌగోళికచిహ్నపు గుర్తింపు వచ్చినప్పుడు మనమందఱము గర్వించితిమి. అదే వాలును ఈతకొలనుకొఱకు చదును చేయుచున్నప్పుడు ఆ గర్వ మెచ్చటికి బోవును? అక్టోబరు, నవంబరు మాసములలో వలిసెచేలు పసుపుపచ్చగా పూయును. అది నూనెగింజల పంట, పూదోట కాదు. మన ఆడపిల్లలు పట్టుచీరలు గట్టి దానిలో నిలబడి ఫోటోలు దిగినచోటెల్ల ఒక రైతుకు గింజ లేదు. ధింసా మాటయు నిట్టిదే. చైత్రమాసమున ఇటుకల పండుగకును, పెండ్లిండ్లకును స్త్రీలు నడుములు పట్టుకొని వరుసగట్టి ఆడు ఆట అది. రాత్రి నెగళ్ల ప్రక్కన, సీసాలు ముందు బెట్టుకొని కూర్చుండిన పురుషులయెదుట, గంటకింతయని దానిని ఆడించుట చూచి చప్పట్లు కొట్టుచున్నాము. మన యిండ్లలో మేజువాణీలను మానిపించుటకు మన తాతలు ఎంత పోరినారో మఱచిపోయితిమా? మన గడప దాటినచో ఆ నీతి అక్కఱలేదా?

'మేడలు కట్టుటచేతనే గదా వారికి ఉద్యోగములు వచ్చుచున్నవి?' యని యొక మిత్రుడు నాతో వాదించెను. నిజమే, వచ్చుచున్నవి. బకెట్టు మోయు ఉద్యోగము, దుప్పట్లు ఉతుకు ఉద్యోగము, రాత్రి కాపలా ఉద్యోగము. తన భూమిమీద తాను కూలివాడగుటను ఉపకారమని పిలుచుటకు నాకు నోరు రాదు. 'వారికి పెట్టుబడి యేది?' యని ఆయనయే మరల నడిగెను. ఈ ప్రశ్న సరియైనది. గిరిజనుల సహకారసంఘము భూమిని పొందుటకు 1970నాటి నిబంధనయే దారి విడిచినది. వారి తేనెను, చింతపండును, కాఫీని కొని అమ్మిపెట్టుటకు 1956నుండి విశాఖపట్టణములో గిరిజన సహకార సంస్థ యున్నది. తేనెను అమ్మిపెట్టినట్లే గదిని అమ్మిపెట్టుటకు అడ్డమేమి? లడఖులో హెమిస్ వనము చుట్టునున్న పల్లెలవారు ఇంటింటికి వంతులు వేసికొని యాత్రికులకు గదియు భోజనమును ఇచ్చుచున్నారు. యాత్రికుని సొమ్ము ఆ యింటి గృహిణి చేతిలో బడుచున్నది. అంత చలిదేశమున సాధ్యమైనది అరకులో అసాధ్యమా?

గృహిణుల ఆక్షేపణ వేఱు; దానిని నేను తేలికగా త్రోసివేయను. "పిల్లలతో, ముసలివారితో పోవుదుము, పల్లెలో మరుగుదొడ్డి యుండునా? దుప్పటి శుభ్రముగా నుండునా?" యని నా భార్యయే యడిగినది. శుభ్రమైన పడక, కాచిన నీరు, తలుపుగల మరుగుదొడ్డి, ఈ మూడును కోరుట అతిథికి న్యాయమే. ఈ మూడింటికి కావలసిన అప్పు ఈతకొలనునకు అయ్యెడు ఖర్చులో ఎన్నవ వంతో లెక్క వేయుటకు గణితశాస్త్రము అక్కఱలేదు. నాలవ కోరిక మొదలుకొని మన దర్పము ప్రారంభమగుచున్నది.

రెండవసారి మే మిద్దఱము డుంబ్రిగూడ దారిలోని ఒక పల్లెలో, ఆ యింటివారి పట్టాభూమిలో వారే కట్టుకొన్న పెంకుటింటి గదిలో రెండురాత్రులు గడపితిమి. పొద్దుట చోడి అంబలి, మధ్యాహ్నము సామల బువ్వ, వలిసెనూనెతో వేపిన కూర. మరుగుదొడ్డి పెరటిలో నుండెను. చీకటిలో టార్చి పట్టుకొని పోవలసివచ్చినది. నా భార్య మొదటి రాత్రి విసుగుకొన్నది, రెండవ రాత్రి విసుగుకొనలేదు. వేన్నీళ్లకు కట్టెలపొయ్యి రాజేసినది ఆ యింటి ఇల్లాలు; బకెట్టు మోసినవాడు నేను. వెళ్లునప్పుడు సొమ్మిచ్చితిని. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకొని, చీరకొంగున ముడివేసికొని, "మాస్టరుగారూ, వచ్చే ఏడు ఇంకో గది వేస్తాం, బడిపిల్లల్ని తీసుకురండి" అనెను.

ఈ డిసెంబరులో పిల్లలను తీసికొనిపోవుటకు ఏర్పాటు చేయుచున్నాను. వారి తండ్రులలో ముగ్గురు వైఫై యుండునా యని అడిగిరి. ఒకరు ఈతకొలను గల చోటి పేరు వ్రాసి పంపిరి. ఆ స్థలము ఎవరి పట్టాయని తిరిగి వ్రాసితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు.