కాటికి దారి ఇవ్వాల్సింది మనమే

చావు సంగతి రైతు సంఘానికి ఎందుకని కొందరు అడగొచ్చు. శ్మశానం కూడా ఊరి భూమే. ఊరి భూమి సంగతి మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో 1993లో చెట్ల మధ్య శ్మశానం ఒకటి మొదలైంది. 1998లో అమెరికాలోని సౌత్ కరోలినాలో అలాంటిదే వచ్చింది. ఇలాంటి చోట్ల శవానికి రసాయనాలు ఎక్కించరు, సిమెంటు గోరీ కట్టరు. గుడ్డలోనో, తొందరగా చివికిపోయే పెట్టెలోనో పూడుస్తారు. పైన చెట్లు పెరుగుతాయి. జర్మనీలో 2001 నుంచి అడవి చెట్ల మొదళ్లలో చితాభస్మం పూడుస్తున్నారు.

అక్కడ దీన్ని కొత్త పద్ధతి అంటున్నారు. మన గూడూరు పల్లెల్లో యానాదులు, దళితులు, ముస్లింలు, జంగాలు తరతరాలుగా చేస్తున్నదీ ఇదే కదా. కొత్త గుడ్డ చుట్టి నేలతల్లికి అప్పగిస్తారు. పద్ధతి మనకుంది. లేనిది నేల.

సొంత పొలం ఉన్న రైతు గట్టు పక్కన పెద్దల సమాధి కట్టుకుంటాడు. సెంటు భూమి లేని కూలీ ఎక్కడికి పోవాలి? నాట్లు పడ్డాక పాడె మోసేవాళ్లు మోకాటిలోతు బురదలో దిగాల్సిన ఊళ్లు ఉన్నాయి. రికార్డులో ఎకరం ఉండి, నేల మీద పావు ఎకరం కూడా మిగలని శ్మశానాలు ఉన్నాయి. ఏడాదికో సాలు చొప్పున దున్ని కలుపుకున్నవాళ్లలో రైతులూ ఉన్నారు. ఈ మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు. తీరం వెంట రొయ్యల గుంటలు, సిలికా తవ్వకాలు, చిల్లకూరు, కోట మండలాల్లో పారిశ్రామిక నగరం వస్తున్నాయి. భూమికి గిరాకీ పెరిగేకొద్దీ ముందు పోయేది అడిగే దిక్కులేని పోరంబోకే.

చట్టం మన పక్షానే ఉంది. శ్మశానాల ఏర్పాటు, నిర్వహణ గ్రామ పంచాయతీ విధి అని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, మేత బీళ్లతో పాటు శ్మశానాలనూ ఊరి ఉమ్మడి భూములుగా చెప్పింది. ఆక్రమణలు తొలగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఎన్నేళ్లు అనుభవించినా, ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా అది సాకు కాదంది. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన కౌలు పట్టాల వంటి వాటికే మినహాయింపు ఇచ్చింది. తెలంగాణలో ఉపాధి హామీ నిధులతో పల్లె పల్లెనా వైకుంఠధామాలు కట్టారు. మన దగ్గర ఎందుకు కుదరదు?

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. రీసర్వేలో ప్రతి శ్మశానాన్నీ కొలిచి హద్దురాళ్లు వేయాలి. పాడె, ట్రాక్టరు పోయే దారిని రికార్డులోకి ఎక్కించాలి. పరిశ్రమలకు భూమి తీసుకునేటప్పుడు శ్మశానాన్ని వదిలిపెట్టాలి.

మనం చేయాల్సిన పనీ ఉంది. శ్మశానాల్లో అల్లుకున్న సర్కారు తుమ్మ కొట్టేసి వేప, కానుగ, నేరేడు నాటుదాం. సిమెంటు గోరీ కడితే ఆ చోటు మళ్లీ ఇంకొకరికి పనికిరాదు. గుర్తుకు ఒక రాయి చాలు. నూలు గుడ్డ మట్టిలో కలుస్తుంది, పాలిస్టరు, ప్లాస్టిక్ దండలు కలవవు. దహనం చేసేవాళ్లకూ చెట్టు అవసరమే. ఒక చితికి నాలుగైదు వందల కిలోల కట్టె పడుతుంది. కాడు అంచున నాలుగు వరసలు సరుగుడు పెంచితే కట్టె కొనలేని ఇంటికి ఆసరా అవుతుంది. నీళ్ల సంగతి మరవొద్దు. ఇంగ్లండులో పూడ్చే చోటు తాగునీటి బావికి, బోరుకు 250 మీటర్ల దూరంలో ఉండాలంటారు. చెరువు లోపల, వాగు ఒడ్డున పూడ్చాల్సిన గతి ఎవరికీ పట్టకూడదంటే మెరక నేల కేటాయించాలి.

బతికినన్నాళ్లూ మన పొలంలో నాట్లేసి, కోతలు కోసిన మనిషి చివరి ప్రయాణానికి మన గట్టు అడ్డం కాకూడదు. దారికి రెండు గజాల నేల వదిలితే ఏ రైతూ చితికిపోడు. వచ్చే గ్రామసభకు ప్రతి శాఖ సభ్యులూ తమ ఊరి శ్మశానం సర్వే నంబరు, విస్తీర్ణం రాసుకుని వెళ్లండి. కొలత అక్కడే అడుగుదాం.