సరమ కుక్కపిల్ల, మా మనవడి చదువు

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు మా మనవడు విజయవాడ నుండి కూచిపూడికి, మా యింటికి వచ్చాడు. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. వెంట టామీ అనే కుక్క. "మామయ్యగారూ, చదువు మీరు చెప్పండి, కుక్కను మాత్రం వసారాలో కట్టేయండి" అన్నది కోడలు. నాకూ అదే సబబనిపించింది. తాతతండ్రుల వద్ద అరుగుమీదనే అడుగులు నేర్చిన పిల్లల ఊరిది; ఇంటి చదువు మాకు కొత్త కాదు. కుక్కతో చదువే కొత్త.

మనవడికి కొంచెం నత్తి. నా యెదుట పద్యం ఎత్తుకుంటే తొలి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. ఒక మధ్యాహ్నం వసారాలో గొంతు వినబడి తొంగిచూస్తే, టామీకి పాఠం చదివి వినిపిస్తున్నాడు! తడబాటు లేదనను, భయం లేదు. అది తప్పు పట్టదు, గడియారం చూడదు. నేను ఆ రెండూ చేసేవాణ్ణి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో, శిక్షణ పొందిన కుక్కలకు పిల్లలు కథలు చదివి వినిపించే కార్యక్రమం 1999లోనే మొదలయిందని తరువాత తెలిసింది. పండితుడికి ఆలస్యంగా అబ్బిన విద్య!

అయితే మిత్రులారా, ఇంట్లో ఒక పెంపుడు జంతువుంటే బడి లేని లోటు తీరినట్లేనన్న వాదనతో నేను ఏకీభవించను. ఈడు పిల్లలు ఎదురు చెబుతారు, ఆటలో ఓడిస్తారు, అలుగుతారు, మళ్లీ కలుస్తారు. ఆ చదువు టామీ చెప్పలేదు. పైగా అన్నీ ఓర్చుకొనే ప్రాణి చేరువలో ఉంటే పిల్లవాడి కోపం అటే పారుతుంది. ఒకనాడు లెక్క తప్పిందని నేను కసిరాను. వాడు వెళ్లి టామీని బెత్తంతో కొట్టాడు. (ఆ బెత్తం నాదే. దాచి ప్రయోజనమేమి?) పిల్లవాడు మరచిననాడు ఆ ప్రాణి పస్తుండకుండా చూడవలసింది పెద్దలే. ఆ ఓపిక లేనివారు తేకపోవడమే మేలు.

ఆ సాయంత్రం వాడికి నన్నయగారి ఆదిపర్వంలోని సరమ కథ చెప్పాను. ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, తల్లి సరమ వచ్చి ఆ రాజునే నిలదీస్తుంది. ఆ ఘట్టంలోని పద్యానికి ఏళ్ల తరబడి ప్రతిపదార్థం చెప్పించాను, గణవిభజన చేయించాను. ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న మనవడు అడిగాడు.

"తాతయ్యా, టామీకి అమ్మ లేదుగా, ఎవరొచ్చి అడుగుతారు?"

నాకు సమాధానం దొరకలేదు. మర్నాటి నుండి టామీ అన్నం, నీళ్లు, రేబీస్ టీకా తేదీల లెక్క వాడికే అప్పగించాను. బెత్తాన్ని వేన్నీళ్ల పొయ్యిలో పెట్టాను.