దొంగచాటు గేర్‌బాక్సుకు దారి చూపండి

పాత ఫోర్ బై ఫోర్ బండ్ల యజమానులకు, ఆటోనగర్ మేస్త్రీలకు, రవాణా శాఖ అధికారులకు విజ్ఞప్తి

పాత ఆర్మడాలు, ఎంఎం 540 జీపులు, మొదటి తరం సఫారీలు ఇంకా మన రోడ్ల మీద ఉన్నాయి. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు కొండదారుల్లో వాటి అవసరం కూడా ఉంది. ఛాసిస్ గట్టిగానే ఉంటుంది, ఇంజిన్ ఇంకా లాగుతుంది. పోయేది మధ్యలో ఉన్న సామాను: గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, క్రౌన్ పినియన్. అసలు సామాను దొరక్క యజమాని ఆటోనగర్‌కు వెళ్తాడు. అదే కంపెనీ తర్వాతి బండిలోని ఐదు గేర్ల బాక్సు తుక్కులో దొరుకుతుంది. మేస్త్రీ ఒక అడాప్టర్ ప్లేటు లేతు పట్టించి బిగిస్తాడు. బండి నడుస్తుంది. కాగితం మాత్రం ఎక్కడా ఉండదు.

ఎందుకుండదో తెలియాలంటే మీ ఆర్సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, సీట్లు, ఖాళీ బరువు ఉంటాయి. ఎన్ని గేర్లో ఉండదు, క్రౌన్ పినియన్ రేషియో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు ఊసే ఉండదు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఏమంటుంది? ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. బండి ‘మౌలిక లక్షణం’ మారిపోయేలా నిర్మాణంలో చేసేదే మార్పు అని వివరణ కూడా ఇస్తుంది. ఐదో గేరు మౌలిక లక్షణమా? ఒక బ్రేకు ఇన్‌స్పెక్టరు కాదనవచ్చు, పక్క జిల్లా ఆయన అవుననవచ్చు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కంపెనీ నమూనాను దాటవద్దని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, చట్టం అనుమతించని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇంత భయం ఉన్నప్పుడు ఎవరు వెళ్లి చెప్పుకుంటారు?

చెప్పుకోకపోవడంలోనే ప్రమాదం ఉంది. అదెలాగో కాస్త వివరంగా చెప్పాలి.

వెనక హౌసింగులో 4.88 రేషియో క్రౌన్ పినియన్ ఉందనుకోండి. ముందు హౌసింగు పాడైతే తుక్కులో దొరికినది తెచ్చి వేశారు, అది 5.38. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఈ బండ్లలో చాలావాటికి మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ బై ఫోర్ వేయగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకే వేగంతో తిరగాలి. అప్పుడు ముందు చక్రాలు వంద చుట్లు తిరిగేసరికి వెనకవి నూటపది తిరుగుతాయి. బురదలో టైర్లు జారి ఆ తేడాను మింగేస్తాయి. గట్టి నేల మీద జారే వీలు లేదు కనుక ఒత్తిడంతా క్రాసుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ల మీద పడుతుంది. టూ వీల్ డ్రైవులో నడిపినంతకాలం ఈ లోపం బయటపడదు. అలాగే నడిపి చూసి ఎఫ్‌సీ ఇస్తే ఆ పరీక్షకూ చిక్కదు. ఘాట్‌లో, వానలో, బండి నిండా జనం ఉన్నప్పుడే చిక్కుతుంది.

ఐదు గేర్ల బాక్సు పాతదానికన్నా పొడవుంటే వెనక ప్రొపెల్లర్ షాఫ్టు కోయాలి. పొట్టి షాఫ్టు వంపు ఎక్కువై క్రాసులు త్వరగా అరుగుతాయి. వెల్డింగు తర్వాత బ్యాలెన్సింగు చేయించాలి. ఖర్చని చాలామంది అక్కడే చేయి వెనక్కి తీస్తారు.

ఇక బలం లెక్క. ఇంజిన్ టార్కు 120 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు 4, లో రేంజి 2.46, క్రౌన్ పినియన్ 4.88 అయితే ఇరుసుల దగ్గరకు చేరేసరికి అది దాదాపు 5,760. అదే బండికి 180 టార్కు ఇంజిన్ ఎక్కిస్తే 8,640 దాటుతుంది. యాక్సిల్ రాడ్డు మాత్రం పాతదే, బ్రేకులు నాలుగూ పాత డ్రమ్ములే. ఇలాంటి మార్పును మేమూ సమర్థించం. బ్రేకులు మార్చకుండా పెద్ద ఇంజిన్ ఎక్కించిన బండిని ఆపేయమనే అంటాం. కానీ కొలత చూసి, సరిపోయే సామాను బిగించిన మేస్త్రీనీ, దొరికింది దొరికినట్టు తగిలించినవాడినీ ఒకే గాటన కట్టే పద్ధతి మారాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. బండ్ల మార్పులకు ప్రమాణాలు, అనుమతి షరతులు కేంద్రం నిర్ణయించవచ్చని 2019 సవరణే సెక్షన్ 52లో రాసింది. ఉదాహరణ కూడా కళ్లెదుటే ఉంది. పాత బండికి ఎలక్ట్రిక్ కిట్ బిగించేందుకు 2016లోనే నిబంధనలు వచ్చాయి, ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం పరీక్షలు ఉన్నాయి. ఇంజిన్ మొత్తం తీసేసి మోటారు పెట్టడానికి దారి ఉంది, అదే కంపెనీ గేర్‌బాక్సు మార్చడానికి లేదు! ఆస్ట్రేలియాలో తేలిక వాహనాల మార్పులకు వీఎస్‌బీ 14 అనే జాతీయ నియమావళి ఉంది. ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు, బ్రేకులకు అందులో విడివిడి అధ్యాయాలున్నాయి. పెద్ద మార్పయితే గుర్తింపు ఉన్న ఇంజనీరు చూసి ధ్రువీకరించాలి.

మేము అడిగేది ఇంతే. పాత ఫోర్ బై ఫోర్ బండ్ల గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, యాక్సిల్ మార్పులకు కేంద్రం ఒక ప్రమాణం ప్రకటించాలి. ముందు వెనక రేషియోలు సరిపోయాయో లేదో తనిఖీ చేయాలి. లో రేంజి వేసి వాలులో నడిపి, ఆపి చూడాలి. నెగ్గిన బండి ఆర్సీలో ఆ మార్పు నమోదు చేయాలి. నమోదైన మార్పును సాకుగా చూపి బీమా క్లెయిము తోసిపుచ్చకూడదు. ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఆర్సీలో లేని సామాను మార్పులపై అన్ని ఆఫీసులకూ ఒకే మాటగా సర్క్యులర్ పంపాలి.

పాత బండ్లను తుక్కు చేయడమే మేలని కొందరంటారు. పొగ పరీక్షలో ఓడినదాన్ని చేయండి, అడ్డు చెప్పం. 2022 ఏప్రిల్‌లో కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఫీజును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. అంత తీసుకుని బండిని రోడ్డు మీద ఉండనిచ్చినప్పుడు, దాని అడుగున ఏముందో రాసుకోవడం ప్రభుత్వానికే అవసరం.

మేస్త్రీలారా, నిబంధన వచ్చేదాకా ఆగకండి. ఏ బండి సామాను, ముందు వెనక పళ్ల లెక్క, షాఫ్టు పొడవు, తేదీ ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి యజమానికి ఇవ్వండి. యజమానులారా, ఆ కాగితం నకలును వినతిపత్రానికి జతచేసి జిల్లా రవాణా అధికారికి ఇవ్వండి. ముట్టినట్టు ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దు.