ఆఖరి పెట్టె మీద ఇంటు గుర్తు

సూర్యాపేటలో రైల్వే స్టేషన్ ఎక్కడ అని ఎవరైనా అడిగితే మా ఊరోళ్లు రెండు రకాలుగా జవాబు చెబుతారు. మంచి మూడ్‌లో ఉంటే "మిర్యాలగూడలో" అంటారు. లేకపోతే ఒక చూపు చూసి వెళ్లిపోతారు. 2016లో జిల్లా కేంద్రం అయింది, హైదరాబాద్–విజయవాడ హైవే ఉంది, అన్నీ ఉన్నాయి, పట్టాలు మాత్రం లేవు. కోదాడదీ అదే కథ. వాళ్లు ఖమ్మం పోయి రైలెక్కాలి, లేదంటే హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ రావాలి.

అలాంటి ఊళ్లో, మా మేడ మీద గదిలో, ఇప్పుడు ఒక రైలు ఆగుతుంది. ఎనిమిది అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ప్లైవుడ్ చెక్క మీద. నేనే కట్టాను. రెండేళ్లు పట్టింది. అందులో పట్టాలు, వైరింగ్‌కి పట్టింది రెండు వారాలే. మిగతా టైమంతా గడ్డి, దుమ్ము, తుప్పు, టీ కొట్టు. ఈ వారం ఆ కథే.

ముందు చిన్న లెక్క. నాది హెచ్‌ఓ స్కేలు. అంటే అసలు వస్తువుని 87తో భాగించాలి. ఈ 87 ఏంటి వింతగా అనుకోకండి. ఒక అడుగుకి మూడున్నర మిల్లీమీటర్లు అని ఎప్పుడో పెట్టుకున్న లెక్కలోంచి వచ్చింది. జర్మనీలో హాంబర్గ్ ఊళ్లో మినియేచర్ వండర్‌లాండ్ అని 2001 నుంచి నడుస్తున్న పెద్ద బొమ్మల లోకం ఉంది, దాంట్లో రెండు లక్షలకు పైగా బుల్లి మనుషులు. అదీ ఈ స్కేలే. మన దగ్గర పుణెలో జోషి గారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998లో తెరిచారు. సెలవుల్లో అటు వెళితే చూడండి.

87తో భాగిస్తే మన రైలు పెట్టె, అసలు 22 మీటర్లు దాటేది, పాతిక సెంటీమీటర్లు అవుతుంది. ఇరవై పెట్టెల బండి పెట్టాలంటే అయిదు మీటర్ల గది కావాలి. మా మేడ గది మొత్తం కలిపినా అంత లేదు. అందుకే ఇంజిన్, నాలుగు పెట్టెలతో సరిపెట్టుకున్నా. ఇంకో ఇబ్బంది. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది విదేశీ గేజ్ లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి మనకి 19 దాటాలి. అంటే నా రైలు ఇరుకు పట్టాల మీద నిలబడ్డ బొద్దు మనిషిలా ఉంటుంది. తెలిసినవాళ్లు గుర్తుపడతారు. మా ఇంటికి తెలిసినవాళ్లు ఎవరూ రారు, కాబట్టి ఓకే.

అసలు మజా తర్వాత మొదలైంది. పట్టాల కింద కంకర కావాలి. నిజం కంకర రాయి 50 మిల్లీమీటర్లు అనుకుంటే మనకి అర మిల్లీమీటరు కంటే కాస్త పెద్ద గింజ కావాలి. ఇసుకని టీ జల్లెడలో రెండుసార్లు జల్లిస్తే సరిగ్గా వచ్చింది. ఒక పాలు ఫెవికాల్, రెండు పాళ్లు నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఆ చుక్క లేకపోతే జిగురు ఇసుక మీద ముత్యంలా నిలబడుతుంది, లోపలికి దిగదు. వారం రోజులు పాడు చేసుకున్నాక తెలిసింది ఈ ముక్క.

చెలక మట్టికి ఇటుక పొడి. బురదకి వాడేసిన టీ పొడి. కాకపోతే దాన్ని ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. డీజిల్ ఇంజిన్ పొగ మసికి మిర్యాలగూడ నుంచి తెచ్చిన ఊక బూడిద. అక్కడ ఎటు చూసినా రైస్ మిల్లులే కదా, గుప్పెడు బూడిద అడిగితే నవ్వి సంచి నింపి ఇచ్చారు. మిల్లు ముందు బస్తాలు కావాల్సి వచ్చినప్పుడు ఒక తెలివైన పని చేశా. ఆరు మిల్లీమీటర్ల దొడ్డు బియ్యం గింజ ఈ లోకంలో అరమీటరు సంచి! గింజలకి గోధుమ రంగు వేసి పేర్చేశా. రెండు నెలలకి నా బస్తాలకి పురుగు పట్టింది. అంత రియలిస్టిక్ నాకు అక్కర్లేదు బాబూ. పీకేసి ఎం-సీల్‌తో మళ్లీ చేశా.

కోదాడలో మా బావకి మొబైల్ రిపేర్ షాపు ఉంది. వెంట్రుక లాంటి రాగి తీగ, ఆవగింజంత ఎల్‌ఈడీలు ఆయనవే. ప్లాట్‌ఫాం మీద నాలుగు ట్యూబులైట్లు వెలిగించాడు. "నాలుగూ ఒకేలా వెలిగితే స్టేషన్ అనిపించదు బావా" అన్నాను. ఒకదాన్ని టపటపా కొట్టుకునేలా పెట్టాడు. ఆ రాత్రి గదిలో లైటు తీసేసి చూస్తే చిన్నప్పుడు మామయ్య వాళ్ల ఊరెళ్లే రోజు గుర్తొచ్చింది. ఇక అయిపోయింది అనుకున్నా. వీడియో తీశా, స్టేటస్ పెట్టా, లైకులొచ్చాయి.

అప్పుడు అమ్మ పైకొచ్చింది, ఆరేసిన బట్టలు తీయడానికి. నేను స్విచ్ నొక్కాను. బండి వచ్చి ఆగి, కదిలి వెళ్లిపోయింది. అమ్మ కాసేపు చూసింది.

"ఏందిరా, ఆఖరి పెట్టెకి ఇంటు గుర్తు లేదు?"

"వెనకాల ఎవరు చూస్తారమ్మా?"

"నేను చూసిన" అంది.

మీరూ చూసే ఉంటారు. ఆఖరి పెట్టె వెనక పసుపు రంగులో పెద్ద ఇంటు గుర్తు. దాని పని ఏంటంటే, బండి స్టేషన్ దాటేటప్పుడు అక్కడి స్టాఫ్ ఆ గుర్తు కోసం చూస్తారు. కనబడితే బండి పూర్తిగా వచ్చినట్టు, మధ్యలో ఏ పెట్టే తెగిపోలేదన్నట్టు. కనబడకపోతే డేంజర్. మొత్తం వచ్చేసింది, వెనక ఏమీ మిగల్లేదు అని చెప్పే గుర్తు అది.

అమ్మ చూసింది 1993 నవంబర్లో. డిగ్రీ అయింది, గుంటూరులో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పొద్దున్నే సూర్యాపేటలో షేర్ జీపు ఎక్కింది. సగం దారిలో టైరు పంచర్. స్టెప్నీలో గాలి లేదు. మిర్యాలగూడలో దిగి పరిగెత్తి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి పసుపు రంగు ఇంటు గుర్తు చిన్నదైపోతూ కనబడింది. అంతే. తర్వాత పెళ్లి, నేను, తమ్ముడు, కుట్టు మిషన్. మా బడి ఫీజులన్నీ ఆ మిషన్ మీదే వచ్చాయి. ఈ సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. "చెప్పడానికేముందిరా, బండి పోయింది" అంది బట్టలు మడతపెడుతూ.

ఆ రాత్రి నా లేఅవుట్‌ని మళ్లీ చూశాను. అప్పుడు అర్థమైంది, ఇందులో అన్నీ ఉన్నాయి కానీ ఒక్క రోజు కూడా లేదు. పెట్టెలు నా చిన్నప్పటి నీలం రంగు. కరెంటు స్తంభాలు ఈమధ్య ఫోన్లో తీసిన ఫొటో చూసి పెట్టినవి, ఆ లైన్లో చాలా ఏళ్లపాటు డీజిల్ బండ్లే నడిచాయి కదా. ఎస్టీడీ బూత్ ఎవరో పెట్టిన పాత ఫొటోలోంచి తెచ్చింది. మూడు కాలాలు ఒకే ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాయి. దేనికది నిజమే, కలిపితే అబద్ధం. పాత రోజులంటే ఇష్టం అని మనం పెట్టే రీల్స్ కూడా చాలావరకు ఇంతే, ఎవరి రోజులో తెలియదు.

లేఅవుట్‌కి ఒక తారీఖు కావాలి. నాకు దొరికింది.

ఇక పీకడం మొదలుపెట్టా. కరెంటు స్తంభాలు పోయాయి. అమ్మకి గుర్తున్నది ఇటుక రంగు పెట్టెలు, కాబట్టి నీలం పోయింది. అన్నిటికంటే బాధ పొలాల దగ్గర. గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ చించి నెల రోజులు పచ్చటి వరి నాటాను. "నవంబర్ల కోతలురా, పచ్చగ ఎందుకుంటది?" అంది అమ్మ. నిజమే. 1967లో సాగర్ ఎడమ కాలువకి నీళ్లొచ్చాక అది వరి దేశం, కార్తీకంలో కోసిన మళ్లు, కుప్పలే. పాత టూత్‌బ్రష్‌ల పోచలు కత్తిరించి, చిక్కటి టీ డికాషన్‌లో ముంచి, వరి కొయ్యలు చేశా. ఇంట్లో వాళ్లవి, పక్కింటి వాళ్లవి కలిపి పదకొండు బ్రష్‌లు.

పట్టాల పక్కలకి తుప్పు రంగు వేసి, పైభాగం మాత్రం మెరిసేలా తుడిచా. రైలు తిరిగే పట్టా పైన తుప్పు ఉండదు. ఇంజిన్ ఆగే చోట కంకర మీద నల్లటి నూనె మరకలు. స్టేషన్ బయట ఒక ఎర్ర బస్సు, ముందు సూర్యాపేట బోర్డు. ఒకప్పుడు మా ఊరికి బొమ్మలోనైనా ఒక స్టేషన్ పెడదామా అని మనసు లాగింది. ఇప్పుడు వద్దనిపించింది. మా ఊరోళ్లకి రైలంటే ఆ బస్సు దిగి పరిగెత్తడమే. పంచరైన జీపు కూడా పెట్టా, గేటు బయట.

చివరగా అమ్మ. అయిదడుగుల రెండంగుళాల మనిషి ఇక్కడ 1.8 సెంటీమీటర్లు. సూదితో చెక్కి, రంగేసి చూపించా. కళ్లజోడు సర్దుకుని చూసింది. "బ్యాగు భుజానికి కాదు, చేతిల ఉండె. ఫైలు ఎర్రది." సరిచేశా. ధైర్యం చేసి అడిగా, "బండి ఆగి ఉన్నట్టు పెట్టనా అమ్మా? ఎక్కేస్తున్నట్టు?"

కొంచెంసేపు ఏమీ అనలేదు. "వద్దురా. పోతున్నట్టే పెట్టు. జరిగింది అదే కద" అంది. కిందికి వెళ్తూ మెట్ల మీంచి, "ఇంటు గుర్తు పసుపు బాగ వెయ్యి, దూరం నుంచి కనబడాలె" అని అరిచింది.

ఇంకో మాట. నారాయణాద్రి, విశాఖ, పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లు పోయే ఈ లైను 1980ల చివర్లో వచ్చింది. ఇన్నేళ్లూ సింగిల్ లైన్. 2023 ఆగస్టులో గుంటూరు–బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్లకి రెండో లైను వేయడానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. మంచిదే, క్రాసింగ్ కోసం గంటలు ఆగక్కర్లేదు. కానీ పని జరిగేకొద్దీ పాత ప్లాట్‌ఫాంలు, పాత రేకులు, ఆ వేప చెట్టు మారిపోతాయి. మీ ఫోన్లో కెమెరా ఉంది కదా. సెల్ఫీ తర్వాత ఒక్క ఫొటో స్టేషన్ వెనక వైపు కూడా తీసి పెట్టుకోండి, తారీఖుతో. తీసుకొచ్చి ఇంట్లో పెద్దవాళ్లకి చూపించి, ఇందులో ఏది తక్కువైంది అని అడగండి. నాకంటే మంచి కథ మీ ఇంట్లో ఉండొచ్చు.

ఇప్పుడు మా ఇంటికి చుట్టాలొస్తే మేడ మీదికి తీసుకెళ్లేది అమ్మే. స్విచ్ కూడా ఆమే నొక్కుతుంది. అందరూ ఇంజిన్ వైపు వంగుతారు. అమ్మ మాత్రం రెండో వైపు నిలబడి అంటుంది: "అటు కాదు, ఇటు రండి. వెనక పెట్టె చూడాలె."